ముందు గుంత తవ్వు

జార్జ్ పట్నంలో ఏడాది పొడుగునా చినుకే.
ముప్పై ఒక్క ఏళ్లు తడిసిన ఉత్తరాలు పంచి,
కీళ్లకు ఎండ మంచిదని డాక్టరంటే
రెండు కొండవరుసలు దాటి కరూకి వచ్చాను.
వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్నాయి
మూడు హైడ్రేంజియా కుండీలు.
ఒలికిన సిరా అంత నీలం.

మొదటి వేసవిలో పూసింది ఒక్కటే గుత్తి,
అదీ గులాబీ రంగులో.
మొక్క మనసు మార్చుకుందనుకున్నాను.
నేలలో సున్నం ఉందని ఎవరూ చెప్పలేదు,
పువ్వు చెప్పింది గానీ
నేను చదువుకోలేదు.

జనవరికి ఆకులు వేగిన అప్పడాలు.
స్నానం నీళ్లు బకెట్లతో మోశాను.
మిట్టమధ్యాహ్నం గొడుగు పట్టాను,
నిజంగానే, పోస్టాఫీసు గొడుగు.
పక్కింటి పెత్రూస్ గోడ మీంచి చూశాడు.
నవ్వలేదు.
నవ్వితే బాగుండేది.

పాత పెట్రోలు బంకు వెనక
మాగ్రీటా ప్లాకీస్ నర్సరీ.
డబ్బు తీసి చేతిలో పట్టుకునే వెళ్లాను.
"నీకేం కావాలో తర్వాత.
నీ దగ్గరేముందో చెప్పు" అంది.
నేను గుటకలు మింగాను.
"మోకాలి లోతు గుంత తవ్వు. బకెట్ నీళ్లు పొయ్యి.
ఎంతసేపటికి ఇంకుతాయో చూడు.
జూలైలో మంచు ఎక్కడ ఆఖరున కరుగుతుందో చూడు.
గాలి ఏ మూలనించి కొడుతుందో
నీ చొక్కాలను అడుగు, తీగ మీద ఆరేసినవాటిని.
అప్పుడు రా."
ఒక్క మొక్క కూడా అమ్మలేదు.

జానెడు దిగగానే పార ఠంగుమంది.
కింద సున్నపు పలక, బోర్లించిన పళ్లెంలా.
పోసిన నీళ్లు మర్నాడు మధ్యాహ్నం దాకా అక్కడే.
ఒక జిట్టంగి వచ్చి తాగిపోయింది.

జూలైలో దుప్పటి కప్పుకుని మెట్ల మీద కూర్చున్నాను.
నీరు పల్లమెరుగు అంటారు,
చలికీ తెలుసు పల్లం.
వాలు దిగి వచ్చి
కింది గోడ దగ్గర ఆగిపోయి
పది గంటలదాకా తెల్లగా పడుకుంటుంది.
ఆ గోడ దగ్గరే గదా
నేను మూడు కుండీలూ దించింది.

ఊరు ఊరంతా ఏ గేటు వెనక ఏ కుక్క ఉందో
తెలిసినవాణ్ణి.
నా పెరటి నాలుగు మూలలు తెలీవు.

ఆగస్టులో కాగితం పట్టుకెళ్లాను.
ఇంకిన గంటలు, మంచు కరిగిన వేళలు,
చొక్కాలు ఎగిరిన దిక్కులు.
మాగ్రీటా కళ్లజోడు వెతుక్కుని రెండుసార్లు చదివింది.
తర్వాత లేచి, స్పెక్‌బూమ్ కొమ్మ ఒకటి
పుటుక్కున విరిచి ఇచ్చింది.
"ఐదురోజులు నీడలో పారేయ్, గాయం ఆరాక గుచ్చు.
ఇంటికి ఉత్తరం గోడకే, ఇక్కడ ఎండ అటునించే.
పల్లంలో కారీ చెట్టు, అది చలికి ఏడవదు.
పలక పగలగొట్టు, మిగతాది దాని వేరు చూసుకుంటుంది.
రాళ్ల సందున కానీడూడ్."
ఆ పేరుకి వాళ్ల మాటలో అర్థం: చావలేనిది.
"పేరు చూసి మురిసి రోజూ నీళ్లు పోశావో,
అదీ చస్తుంది."

హైడ్రేంజియాల్లో రెండు అప్పటికే పోయాయి.
మూడోదాన్ని రొట్టెల వ్యానులో
జార్జ్‌లోని మా చెల్లెలు లెట్టీకి పంపాను.
డ్రైవరు ఛార్జీ అడగలేదు, నా మొహం చూసి.

ఏడాదిన్నరకి లెట్టీ ఫోటో పంపింది.
నీలం. అదే నీలం.
వెనక వాన పడుతూనే ఉంది.
సంతోషించాలి గదా, కొంచెం కుళ్లుకున్నాను.

స్పెక్‌బూమ్ ఇప్పుడు నా నడుము దాకా.
పొద్దున్నే ఒక ఆకు తుంచి నములుతాను,
చింతచిగురంత పులుపు.
సాయంత్రం అదే కొమ్మ, అదే ఆకు,
సగం పులుపు కూడా ఉండదు.
పగలంతా దాన్ని ఏం చేసుకుంటుందో
మాగ్రీటాను అడగాలి.
అడిగితే మళ్లీ ఏదో తవ్వమంటుంది.